కండె మీది పోగు

హన్మకొండ

బిడ్డా,

డీఎన్ఏ కణంలో ఎలా ఇముడుతుందో చెప్పే నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఎత్తుగడ బాగుంది. మనిషి ఒక్క కణంలోని డీఎన్ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు, అది ఇమడాల్సిన కేంద్రకమేమో మీటరులో లక్షో వంతు. చదివేవాళ్లు "అబ్బో" అంటారు. ఆ వెంటనే నువ్వు దాన్ని సూట్‌కేసులో కుక్కి జిప్పు వేసేశావు. నా పేచీ అక్కడే.

కొత్తవాడలో జంపఖానాల మగ్గాల మధ్య పెరిగిన పిల్లవు, సూట్‌కేసు ఎందుకు గుర్తొచ్చింది నీకు? మీ నానమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది కదా. కండె చుట్టేది దాచిపెట్టడానికా? నేసేటప్పుడు పోగు చిక్కుపడకుండా విప్పుకోవడానికి. కణంలో హిస్టోన్లనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక కండె. దాని మీద 147 జతల అక్షరాల (బేస్‌ల) పొడవున డీఎన్ఏ రెండు చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. కొంచెం ఎడం, మళ్లీ కండె. పోలిక ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పు: మగ్గం దగ్గర కండెకో పోగు, ఇక్కడ ఒక క్రోమోజోమ్‌లో ఒకే పోగు తెగకుండా లక్షల కండెల మీదుగా పోతుంది.

తర్వాతి సంగతి ఒక్క లైన్లో దాటేశావు. కథంతా అక్కడే ఉంది. ఈ కండెలు దగ్గర దగ్గరగా బిగిసిన చోట జన్యువును చదివే ప్రోటీన్లకు సందు దొరకదు. కండె బయటికి పొడుచుకొచ్చే హిస్టోన్ల తోకలకు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటే వాటి ధనావేశం తగ్గి, ఋణావేశమున్న డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. ఎసిటైల్‌కూ జన్యువుల పనికీ లంకె ఉందని శాస్త్రవేత్త విన్సెంట్ ఆల్‌ఫ్రే బృందం 1964లోనే పసిగట్టింది. నేనొకసారి ఎసిటైల్ డీఎన్ఏకే అతుక్కుంటుందని రాశాను, అచ్చయిపోయింది కూడా. ఒక బోటనీ లెక్చరర్ కార్డు ముక్క పంపారు: "తోక ఎవరిదండీ?" నాలుగు రోజులు అన్నం సయించలేదు. మిథైల్ అనే ఇంకో ముక్కతో ఇంకా జాగ్రత్త, అది డీఎన్ఏకూ హిస్టోన్లకూ ఇద్దరికీ అతుక్కుంటుంది.

బిగించిన జన్యువును కంటికి చూపించాలంటే పిల్లిని పట్టుకో. నలుపు, నారింజ మచ్చల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఆ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు; ఇలాంటి పిల్లిలో ఒకదాని మీద నారింజ రకం, ఇంకోదాని మీద నలుపు రకం. పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఏదో ఒకదాన్ని బిగించి మూలన పెట్టేస్తుంది, దాన్నుంచి పుట్టే కణాలూ అదే దారి. ఎలుకల బొచ్చు రంగులు చూసి జన్యు శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో ఈ మాట చెప్పారు. మీ ప్రహరీ మీద అలాంటి పిల్లి పడుకుంటే దాని వీపు చూడు. నలుపు ఎక్కడ ఆగి నారింజ ఎక్కడ అందుకుందో, అది రాయి.

డీఎన్ఏ, హిస్టోన్లు కలిసిన ఈ పదార్థం పేరు క్రోమాటిన్; దానికి సంస్కృతం తవ్వకు, అలాగే ఉంచు. సూట్‌కేసు పేరా కొట్టేసి పట్టుకురా, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.