భూకంప హెచ్చరిక: వినేవారిని ముందే అడగాలి

ప్రశ్న: భూకంప హెచ్చరిక వ్యవస్థను శాస్త్రవేత్తలే తయారుచేస్తారు కదా, అందులో సామాన్య ప్రజలకు పాత్ర ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పక ఉండాలి. ముందుగా చేరే పి తరంగాలను పసిగట్టి, ఎక్కువ నష్టం కలిగించే ఎస్ తరంగాలు వచ్చేలోపు హెచ్చరించడం శాస్త్రవేత్తల పని. అయితే దొరికే వ్యవధి కొన్ని సెకన్లే కాబట్టి, ఆ సెకన్లలో ఎవరు ఏం చేయగలరో వారినే అడిగి తెలుసుకోవాలి. జపాన్ వాతావరణ సంస్థ ఈ సమాచారాన్ని 2006 ఆగస్టులో మొదట రైల్వేల వంటి ప్రత్యేక వినియోగదారులకే ఇచ్చి, 2007 అక్టోబరు 1 నుంచి ప్రజలందరికీ అందించింది. రైలును ఆపడానికి సంకేతం చాలు; పొయ్యి ఆర్పాలా, బల్ల కింద దూరాలా అని తేల్చుకోలేని మనిషికి అది చాలదు. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే హెచ్చరికకు ముందు వినిపించే శబ్దాన్ని రూపొందించిన తోరు ఇఫుకుబే, అది ఇతర అలారాలను పోలి ఉండకూడదనీ, వెంటనే కదిలించాలనీ, వినికిడి లోపం ఉన్నవారికి కూడా వినిపించాలనీ నియమాలు పెట్టుకున్నారు. నా దృష్టిలో ఈ చివరి నియమమే అన్నిటికన్నా విలువైనది. ఎత్తైన భవనాల పై అంతస్తుల్లో ఉండేవారి అవసరం మాత్రం ఆలస్యంగా లెక్కలోకి వచ్చింది. ఆ భవనాలను చాలాసేపు ఊపేసే దీర్ఘావర్తన (ఒక్కో ఊపుకు ఎక్కువ సమయం పట్టే) కంపనాలను హెచ్చరిక ప్రమాణాల్లో చేర్చింది 2023 ఫిబ్రవరిలోనే.