పోయిన నమ్మకం తిరిగొస్తుందా?

ప్రశ్న: పన్నెండేళ్లు నడిచిన మిక్సీ పాడైతే మళ్లీ అదే కంపెనీది కొన్నాను. ఎనిమిది నెలలకే చట్నీ రుబ్బుతుంటే జారు కింద కప్లర్ పళ్లు అరిగిపోయి, మోటారు తిరుగుతున్నా బ్లేడు కదలడం లేదు. ఇలాంటి కంపెనీని మళ్లీ నమ్మొచ్చా? – ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కప్లర్ అరిగే వస్తువేనండీ, కానీ మరీ ఎనిమిది నెలలకా! మీ కోపంలో న్యాయముంది. కంపెనీలు నమ్మకాన్ని తిరిగి తెచ్చుకున్న సందర్భాలు లేకపోలేదు. 2003లో ముంబైలో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనిపిస్తే, కంపెనీ మొదట దుకాణాల్లో నిల్వ బాగాలేదని చెప్పినా, 2004 జనవరికల్లా రేపరే మార్చేసి, రేకును వేడితో అతికించి పైన ఇంకో పొర వేసింది. అమితాబ్‌తో ప్రకటనలూ చేయించారు గానీ, నాకైతే ఆ రేపరే ముఖ్యం, ఎందుకంటే అది మన చేతికి తెలిసే మార్పు. 2015లో అమ్మకాలు ఆగిపోయిన మ్యాగీ నూడుల్స్ కూడా ఆ నవంబర్‌లోనే తిరిగొచ్చింది.

కానీ మీ మిక్సీ సంగతి వేరు. ఖర్చు తగ్గించుకోవడానికి ఏటా కాస్త నాసిరకం భాగాలు వేస్తూ పోయిన కంపెనీ తప్పు ఒప్పుకోవడం చాలా అరుదు. భాగాలు మార్చి, వారంటీ పెంచి చూపిస్తే అప్పుడు ఆలోచించండి. ఈలోగా బిల్లు దగ్గర పెట్టుకుని వారంటీ అడగండి, కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.