పర్యాటకం మీద బతికే దీవుల్లో పర్యావరణ ఆంక్షలను స్థానికులు వ్యతిరేకిస్తారా?

వ్యతిరేకించరు. "వాళ్లకు డబ్బే ముఖ్యం" అనే మాట నేను అస్సలు ఒప్పుకోను.

మాది విశాఖ. మా మేనత్త కుటుంబం ఎప్పుడో ఓడెక్కి అండమాన్ వెళ్లి స్థిరపడింది. ఉత్తరాంధ్ర నుంచి అలా వెళ్లినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. మా బావ హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, చిన్న లాడ్జి నడుపుతాడు.

ఓ వేసవిలో నేను అక్కడున్నప్పుడు నీళ్ల ట్యాంకర్ రాలేదు. బావి అడుగంటింది. సముద్రస్నానం చేసి ఒంటినిండా ఇసుకతో వచ్చిన అతిథులు షవర్ రావట్లేదని మేడ మీంచి ఒకటే అరుపులు. బావ పక్కింటి నుంచి బకెట్లు మోశాడు. వంటకని దాచిన బిందెడు నీళ్లు కూడా అక్క ఆ అతిథులకే ఇచ్చేసింది. అదే సాయంత్రం ఆ దగ్గర్లోని పెద్ద రిసార్టులో పచ్చికకు పైపుతో నీళ్లు పడుతున్నారు. బావ అన్న మాట ఇది: "గదికి ఇన్ని నీళ్లే అని రూల్ పెట్టమను, మొదటి సంతకం నాదే. ఆ గేటు లోపలా అదే రూల్ ఉండాలి కదరా!"

ఏ దీవిలో చూసినా గొడవంతా ఇక్కడే. ఫిలిప్పీన్స్‌లో మురుగు సముద్రంలో కలుస్తోందని 2018 ఏప్రిల్‌లో బొరకాయ్ దీవిని పర్యాటకులకు ఆరు నెలలు మూసేశారు. శుభ్రం చేయాల్సిందే, కాదనను. కానీ మురుగు వదిలినవాటిలో హోటళ్లుంటే, రోజుకూలి పోయింది గదులు ఊడ్చేవాళ్లకు, పడవలవాళ్లకు. మాల్దీవుల పద్ధతి నయం. అక్కడ పర్యాటకులు కట్టే పర్యావరణ పన్ను (గ్రీన్ ట్యాక్స్) 2025 జనవరి నుంచి రిసార్టులో దిగితే మనిషికి రోజుకు 12 డాలర్లు, స్థానికులుండే దీవుల్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లో అయితే 6.

ఇక మనవాళ్ల సంగతి. పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉందని పడవవాళ్లు మొత్తుకుంటున్నా, ముక్కలు ఏరి బ్యాగులో వేసుకుంటారు. మా రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వస్తే గర్వపడ్డాం. మరి ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఆ ప్లాస్టిక్ గ్లాసులు ఎవరివి? ఇలాంటివాళ్లు దీవుల జనానికి నీతులు చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

అధికారులకు నేను చెప్పేది ఒకటే. పెద్ద రిసార్టుల నీటి మీటరు రీడింగులు ప్రతినెలా పంచాయతీ గోడ మీద అతికించండి. ఆ తర్వాత ఎంత కఠినమైన రూల్ తెచ్చినా మా బావలాంటివాళ్లు మీ వెంటే ఉంటారు.