హాంగ్‌జౌలో ఒక పూట ఖాళీ ఉంటే కాలువకే వెళ్లండి

"అమ్మానాన్నలతో చైనాలో హాంగ్‌జౌ వెళ్తున్నాం. పశ్చిమ సరస్సుకి ఒక రోజు పెట్టుకున్నాం. ఇంకో పూట మిగిలింది. గ్రాండ్ కెనాల్ చూడమంటున్నారు కానీ కాలువలో చూడటానికి ఏముంటుంది? పెద్దవాళ్లకి విసుగు రాదా?" అని అడిగారు.

పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టే వెళ్లమంటాను. సరస్సు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అక్కడ జనం తోపులాటలో మనకి గుర్తుండేది పక్కవాడి సెల్ఫీ స్టిక్కే. కాలువ దగ్గర మీ అమ్మానాన్నలకి చెప్పుకోవడానికి సంగతులు దొరుకుతాయి. నాకు అలాగే జరిగింది.

మాది బెజవాడ వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల వ్యాపారం. షావోషింగ్ దగ్గర కెచియావో అని పెద్ద బట్టల మార్కెట్ ఉంది. లేసు, లైనింగు, జార్జెట్ తానుల కోసం మన దేశం నుంచి ఎంతోమంది అక్కడికి పోతుంటారు. హాంగ్‌జౌ అక్కడికి పక్కనే, స్పీడు రైల్లో అరగంట కూడా పట్టదు. నేనూ చాలా ఏళ్లు హోటలు, మార్కెట్టు, ఎయిర్‌పోర్టు, ఇంతే తిరిగాను. మన వ్యాపారుల్లో నూటికి తొంభై మంది ఇంతే. పాతికసార్లు వెళ్లొచ్చినవాణ్ణి ఊరెలా ఉంటుందని అడిగితే మీటరు రేటు చెప్తాడు. ఈ అలవాటు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

2018లో నాన్నని వెంట తీసుకెళ్లాను. ఆయన చిన్నప్పుడు ఏలూరు కాలువ మీద పడవెక్కి తిరిగిన మనిషి. గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవని లాగుతుంటే బస్తాల మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టేవాణ్ణని మాకు కథలు కథలుగా చెప్పేవారు. పని ముగిశాక ఒక రోజు మిగిలింది. సరస్సుకి పోదాం అంటే, "నీళ్లు నిలబడి ఉండేచోట ఏం చూస్తాంరా, పారేచోటికి పోదాం పద" అన్నారు.

ఊరి మధ్యలో వూలిన్‌మెన్ రేవు ఉంది. అక్కడ వాటర్ బస్సు ఎక్కాం. టికెట్ మనిషికి 3 యువాన్లు. టూరిస్టుల పడవ కాదు, రోజూ జనం తిరిగే పడవ. మా పక్కన ఒకాయన ముల్లంగి కాడల సంచీ ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. అరగంటలో గోంగ్‌చెన్ వంతెన దగ్గర దింపారు.

బీజింగ్ నుంచి సుమారు 1,800 కిలోమీటర్లు వచ్చిన కాలువ హాంగ్‌జౌలో ముగుస్తుంది. ఈ దక్షిణపు ముక్క సూయ్ వంశపు చక్రవర్తి తవ్వించింది, క్రీ.శ. 610లో. అంటే మన దగ్గర తూర్పు చాళుక్యుల రాజ్యం ఇంకా పుట్టలేదు. దక్షిణాది వడ్లు ఉత్తరాన ఉన్న రాజధానికి చేరాలి, అదీ దీని పని. 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వంతెన మొదట 1631లో కట్టారు, ఇప్పుడు నిలబడి ఉన్నది 1885లో మళ్లీ కట్టింది. మూడు కమానుల రాతి వంతెన, మధ్యలో ఒంటె మూపురంలా లేచి ఉంటుంది. పేరులోనే దణ్ణం ఉంది: ఉత్తరం నుంచి పడవ మీద వచ్చే చక్రవర్తికి చేతులు జోడించి ఎదురేగే వంతెన అని అర్థం. వాహనాలు ఎక్కవు, మనుషులే నడుస్తారు. వంతెన కాళ్ల ముందు నీళ్లలో దిమ్మలు కట్టి, వాటి మీద నాలుగు రాతి మృగాల్ని కూర్చోబెట్టారు. పడవలు అదుపు తప్పినా వంతెనని గుద్దుకోకుండా ఆ ఏర్పాటు.

మేం మెట్ల మీద కూర్చున్నాం. అటునుంచి ఒక సరుకు పడవ వచ్చింది. కడుపు నిండా ఇసుక, పడవ అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు ఎడం కూడా లేదు. ఇటునుంచి వచ్చే ఇంకో పడవ ఆగిపోయి దారిచ్చింది. మధ్య కమానులోంచి ఒకటే పడుతుంది మరి. ఇసుక పడవ వెనక గదిలో ఒక కుటుంబం కాపురముంది. దండెం మీద చిన్నపిల్లల బట్టలు, థర్మోకోల్ పెట్టెలో ఏపుగా పెరిగిన ఉల్లికాడలు. ముందు భాగాన ఒకావిడ గెడ పట్టుకుని నిలబడి, పడవ రాతికి తగలకుండా కళ్లతోనే కొలుస్తోంది. కమాను దాటాక గెడ కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని కూర తరగడం మొదలుపెట్టింది. నాన్న మాట్లాడలేదు. ఆ పడవ మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నారు.

వంతెనకి పడమటి గట్టున పాత పేట ఉంది, చియావోషీ అంటారు. మాటకి అర్థం వంతెన పడమర అనే. తెల్ల గోడలు, నల్ల పెంకులు, రెండంతస్తుల చెక్క ఇళ్లు. అక్కడ గుమ్మం ముందు ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటుంది, తడి దుప్పటి పిండటానికి అవస్థ పడుతోంది. ఒక కొస తలుపు గడియకి చుట్టి రెండో కొస మెలితిప్పుతోంది. గడియ దగ్గర జారిపోతోంది. నాన్న నాతో ఒక్కమాటైనా అనకుండా వెళ్లి ఆ కొస పట్టుకున్నారు. ఆవిడ కంగారు పడలేదు, అడగలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెరోవైపు మెలిపెట్టారు. దుప్పటి తాడులా బిగుసుకుని, నీళ్లు ధారగా కారి, రాతి పలకల సందుల్లోంచి మెట్ల మీదుగా కాలువలోకి పోయాయి.

తర్వాత నాన్న అంచు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశారు. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోదు. "ముతక నూలురా, ఇరవయ్యో నంబరు ఉంటుంది. నేత గట్టిది. ఇప్పుడిట్టాంటివి ఎవరు నేస్తున్నారు" అన్నారు. నేను ఫోనులో అనువాదం యాప్ తీసి ఆ మాట వినిపించాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చి ఏదో మెలిపెట్టినట్టు చూపించింది. నాకు అర్థం కాలేదు కానీ నాన్నకి తెలిసిపోయింది. తెగిన పోగు అతికే పని అది, స్పిన్నింగ్ మిల్లులో ఆడవాళ్లు రోజుకి వేలసార్లు చేసేది. నాన్న అదే సైగ తిరిగి చేశారు. వంతెన పక్కనే ఉన్న మిల్లులో పాతికేళ్లు పనిచేసిందట.

ఆ మిల్లు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైంది, హాంగ్‌జౌలో తొలితరం నూలు మిల్లుల్లో ఒకటి. 1895లో జపాన్‌తో యుద్ధంలో ఓడిపోయాక చైనా ఈ ఊరిని విదేశీ వ్యాపారానికి తెరవాల్సి వచ్చింది. ఈ వంతెన దగ్గరే జపాన్ వాళ్లకి స్థలం ఇచ్చారు. పత్తి, పట్టు, బియ్యం, అన్నీ ఈ నీళ్ల మీదే నడిచాయి. ఇప్పుడు ఆ పాత మిల్లు షెడ్లలో చేతిపనుల మ్యూజియం ఉంది. పక్కనే కత్తెరలకొకటి, గొడుగులకొకటి, విసనకర్రలకొకటి మ్యూజియాలు. టికెట్ లేదు, సోమవారం మూసేస్తారు. బట్టల మనిషిని కాబట్టి చెప్తున్నాను, మిగతావి వదిలేసినా గొడుగులవి మాత్రం వదలొద్దు. కాగితానికి నూనె పట్టించి వెదురు పుల్లల మీద ఎలా అతికిస్తారో అక్కడ దగ్గరగా చూడొచ్చు.

పెద్దావిడ మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి గాజు గ్లాసుల్లో ఆకు టీ ఇచ్చింది. పాలు లేవు, చక్కెర లేదు. ఇంట్లో టీలో రెండు చెంచాల చక్కెర లేకపోతే కప్పు ముట్టని నాన్న, అది తాగి ఇంకోసారి వేడినీళ్లు పోయించుకున్నారు. లేచేటప్పుడు నాతో ఒకమాట అన్నారు: "చూశావా, ఈ ఇళ్లకి నీళ్ల వైపు గుమ్మం ఉంది."

అప్పటినుంచి నా మనసులో పాతుకుపోయిన అభిప్రాయం ఇదే. నీళ్ల వైపు గుమ్మం ఉన్న ఊళ్లో కాలువ బతుకుతుంది, గోడ ఉన్న ఊళ్లో చచ్చిపోతుంది. అక్కడికి కాస్త దూరంలో షియావోహ అని ఇంకో పాత వీధి ఉంది, మూడు నీళ్లు కలిసేచోట. అక్కడ చాలా ఇళ్లకి వీధి గుమ్మం వీధిలోకే ఉంటుంది, నీళ్ల వైపు ఉన్నది పెరడు. అయినా పెరట్లో కూడా తలుపుంది, తలుపు కింద నీళ్లలోకి దిగే రాతి మెట్లున్నాయి. పాతకాపులు కొందరు ఇంకా ఆ ఇళ్లలోనే ఉంటున్నారు. కాఫీ షాపుల మధ్యన ఎవరో చేపలు ఎండబెట్టుకుంటూ కనిపిస్తారు.

మా ఊళ్లో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి. ఒకప్పుడు కాకినాడ నుంచి మా ఊరి మీదుగా, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాటి పడవలో పోయేవారు. లాకుల దగ్గర పడవలు బారులు తీరేవని నాన్న చెప్తారు. ఇప్పుడు ఆ లాకులు సిటీ బస్సు స్టాపు పేరుగా మిగిలాయి. ఇళ్లన్నీ కాలువకి వీపు పెట్టి కట్టుకున్నాం. ప్రహరీ గోడ, గోడకి ఒక కన్నం, కన్నంలోంచి మురుగు గొట్టం. పార్కులు కట్టారు, రంగు లైట్లు పెట్టారు, మంచిదే. కానీ గుమ్మం లేనిచోట లైట్లు ఎన్ని పెట్టినా జనం రెండు ఆదివారాలు వచ్చి మానేస్తారు. నేను కళ్లారా చూశాను.

ఈ మాట ఎక్కడ అన్నా "అది చైనా కాబట్టి అయింది" అంటారు. వాళ్ల కాలువా మధ్యలో పాడైపోయిందే. ఒకప్పుడు ఫ్యాక్టరీల నీళ్లతో నల్లగా మారి కంపు కొట్టేది. ఫ్యాక్టరీలని తరలించారు, చియాన్‌తాంగ్ నది నీళ్లు మళ్లించి కడిగారు, ఏళ్లూ పూళ్లూ పట్టింది. నీళ్లు బాగుపడిన రోజున తలుపు తీసి దిగడానికి మెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి. నా దృష్టిలో అసలు తేడా అదే.

2024లో మళ్లీ వెళ్లాను, ఈసారి ఒంటరిగా. మా ఊళ్లో చాలామందికి అప్పటికే హాంగ్‌జౌ పేరు తెలుసు, ఆసియా క్రీడల్లో మా జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ ఊరి క్రీడల్లోనే. వంతెన దగ్గర రెండు గంటలు కూర్చున్నా ఇసుక పడవ ఒక్కటీ రాలేదు. 2023లో ఊరి తూర్పున కొత్త కాలువ తెరిచారు, వెయ్యి టన్నుల పడవలు అటునుంచే చియాన్‌తాంగ్ నదిలోకి పోతున్నాయి. వంతెనకి దెబ్బ తగలదు, పడవలకి టైము కలిసొస్తుంది, మంచి పనే. అయినా నాకు దిగులేసింది. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న మొదట అడిగింది "పడవలేవిరా?" అని. కొత్త కాలువ సంగతి చెప్పాను. "అయితే కాలువ ఆగలేదన్నమాట, పక్కకి జరిగింది" అని, "ఆ దుప్పటావిడ ఇంటికి వెళ్లావా" అన్నారు. వెళ్లాను. తలుపు వేసి ఉంది. బయట వెదురు గెడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి కాబట్టి ఇంట్లో మనుషులున్నారని చెప్పాను. దుప్పటి ఉందా అని అడిగారు. లేదు, పిల్లల స్కూలు యూనిఫారాలున్నాయి.

ఇక మీ సంగతి. రాత్రిపూట లైట్ల మధ్య తిప్పే క్రూజు టికెట్లు హోటల్లోనే అంటగడతారు. ఒకసారి ఒక ఏజెంటు నా దగ్గర వాటర్ బస్సు కంటే ఎన్నో రెట్లు గుంజాడు. అద్దాల వెనక కూర్చోబెట్టి స్పీకర్లో పాట వేశారు, నీళ్ల చప్పుడే వినపడలేదు. మీరు పొద్దున్నే వాటర్ బస్సు ఎక్కండి. పడవ వద్దనుకుంటే మెట్రో అయిదో లైన్లో గోంగ్‌చెన్ వంతెన తూర్పు స్టేషన్ ఉంది. గూగుల్ మ్యాప్స్‌ని అక్కడ నమ్ముకోవద్దు, వంతెన పేరు చైనా లిపిలో ఫోనులో దాచుకుని ఎవరికి చూపించినా దారి చెప్తారు. శాకాహారులైతే దారిలో షియాంగ్‌జీ గుడి ఉంది, వెనకటికి పడవల్లో వచ్చే యాత్రికులు ముందుగా దిగి మొక్కుకునే గుడి. భవనాలన్నీ ఈమధ్య కట్టినవే, రాతి గోపురం ఒక్కటే 1713 నాటిది. చుట్టుపక్కల మాంసం లేని నూడుల్స్ దొరుకుతాయి. కారం ఉండదు, పచ్చడి ప్యాకెట్ జేబులో పెట్టుకెళ్లండి.

వంతెన మెట్లు అరిగి నున్నగా అయిపోయాయి. వాన పడితే బాగా జారతాయి. అమ్మగారికి పట్టు ఉన్న బూట్లు వేయించండి. దిగేటప్పుడు రాతి పిట్టగోడ వైపు నడిపించి, రెండోవైపు మీరు చెయ్యి పట్టుకోండి.