టూర్‌కి అప్పు దొరికింది, మీకు బీమా ఏదండీ?

ప్రశ్న: మా అమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ మూడో ఏడాది. వేసవి సెలవుల్లో క్లాస్‌మేట్లతో ఆ దేశం పడమటి అంచున ఉన్న షిన్‌జియాంగ్ టూర్‌కి వెళ్తానంటోంది. అక్కడ ఉండే ఉయ్ఘర్ ముస్లింల ఊళ్ళు, పామీర్ కొండలు చూస్తారట. 12 రోజులకి 1,40,000 రూపాయలు. హనుమకొండలో నాకు ఎలక్ట్రికల్ షాపు ఉంది. వయసు 48, నెలకి 65,000 మిగులుతుంది. చదువుకి తీసుకున్న 22 లక్షల లోన్‌లో నేనూ సంతకం పెట్టాను. బ్యాంకులో 80,000 ఉన్నాయి, టర్మ్ పాలసీ లేదు. ఓ యాప్ 24 శాతం వడ్డీకి రెండేళ్ల లోన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? బంగారం తాకట్టు పెట్టడం మేలా?

జవాబు: ఆ యాప్ లోన్ వద్దు. నెలకి సుమారు 7,400 చొప్పున రెండేళ్లు కడితే 1,77,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. పన్నెండు రోజుల టూర్‌కి ఇరవై నాలుగు నెలలు వాయిదాలు కట్టడం ఏమిటండీ? పది నిమిషాల్లో డబ్బు వస్తుందని ఎంతోమంది తల్లిదండ్రులు ఇలాగే ఇరుక్కుంటున్నారు.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది మీరు మధ్యలో ఓ ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి. 22 లక్షల అప్పు మీద మీ సంతకం ఉంది. మీరు పోతే ఇంటికి డబ్బు ఇచ్చే జీవిత బీమా, అదే టర్మ్ పాలసీ, మీకు లేదు. రేపు మీకేదైనా అయితే షాపు ఆదాయం ఆగుతుంది, మిగిలిన ఏళ్ల ఫీజు ఆగుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. చదువు మధ్యలో ఉన్న పిల్ల నెత్తిన ఆ బరువు పడుతుంది. పిల్లల్ని విదేశాలకి పంపిన ఇళ్లలో నేను పదేపదే చూస్తున్న తప్పు ఇదే: లోన్ పత్రాల మీద సంతకం పెట్టిన రోజే తీసుకోవాల్సిన పాలసీ ఏళ్లు గడిచినా తీసుకోరు. కనీసం 50 లక్షలకి ఈ నెలలోనే తీసుకోండి. షుగర్, బీపీ ఉంటే దాచకుండా రాయండి. ప్రీమియం ఎంతన్నది మీ ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది, అయినా మీరు ఏడాదికి కట్టబోయిన 88,000 పైచిలుకు వాయిదాలతో పోలిస్తే చాలా తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక అమ్మాయి బీమా. యూనివర్సిటీ చేయించిన మెడికల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. ఆ కాగితం తెప్పించుకుని చదవండి. పామీర్ కొండలకి బయల్దేరే కాష్గర్ నగరం దాదాపు 1,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి కారాకోరం హైవే మీద కారాకుల్ సరస్సుకి వెళ్తే ఒక్క రోజులోనే 3,600 మీటర్లు. ఎదురుగా 7,546 మీటర్ల ముజ్తాగ్ అతా శిఖరం కనిపిస్తుంది, అద్భుతమైన చోటు. కానీ అంత ఎత్తుకి ఒకేసారి ఎక్కితే తలనొప్పి, వాంతులు, ఊపిరాడకపోవడం వయసులో ఉన్నవాళ్లకీ వస్తాయి. ఆ దారిలో ఇంకా ముందున్న తాష్కుర్గాన్ ఊరి వరకు వెళ్లాక జబ్బు చేస్తే కాష్గర్‌కి తిరిగి రావడానికి సుమారు 300 కిలోమీటర్లు కొండదారి. ఆ ఎత్తులో వచ్చిన జబ్బుకి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తరలించడానికి అయ్యే ఖర్చుకి పాలసీ వర్తిస్తుందా? ఈ రెండూ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రాతలో తీసుకోండి. ట్రావెల్ ఏజెంటు నోటిమాట లెక్కలోకి రాదు.

అమ్మాయిని పూర్తిగా ఆపమని నేననను. ఆ వయసులో చూడాల్సిన ప్రాంతమే. అక్కడి ఉయ్ఘర్ల పరిస్థితి గురించి 2022లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తీవ్రమైన నివేదిక ఇచ్చింది. అది చదివి వెళ్తే ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా మెలగడం తెలుస్తుంది. టూర్‌ని మాత్రం కుదించండి. షిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్‌చీ, కొండల మధ్య తియాన్‌చీ సరస్సు, ఉరుమ్‌చీ నుంచి రైల్లో తుర్పాన్ ఊరు. ద్రాక్షతోటలు, నేల కింద నీటిని తెచ్చే కారెజ్ కాలువలు, 1778లో కట్టిన ఎమిన్ మినార్, ఉయ్ఘర్ ఇళ్లు అన్నీ అక్కడే ఉన్నాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది, అదొక్కటే ఇబ్బంది. కాష్గర్ ఉరుమ్‌చీకి వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరం, ఖర్చు పెరిగేది అక్కడే. దాన్ని వచ్చే ఏడాదికి పెట్టుకోవచ్చు. నెలకి 5,000 పక్కన పెడితే అప్పు లేకుండానే వెళ్లొస్తుంది.

బ్యాంకులో ఉన్న 80,000 జోలికి వెళ్లకండి, అది షాపు మూతపడితే ఇల్లు నడవడానికి. బంగారం మీద లోన్‌కి వడ్డీ తక్కువే, కానీ విహారానికి వద్దు.

ఏజెంటుకి అడ్వాన్స్ కట్టే ముందు ఒక సంగతి. తాష్కుర్గాన్ సరిహద్దు ప్రాంతం, పర్మిట్ అడగవచ్చు. అది రాకపోతే ఆ రోజుల డబ్బు వాపసు ఇస్తారా అని అడగమనండి. క్లాస్‌మేట్లందరి అడ్వాన్స్ మీ అమ్మాయి ఒక్కతే కట్టి తర్వాత వసూలు చేసుకునే ఏర్పాటైతే దానికి అసలు ఒప్పుకోవద్దనండి, ఎవరి డబ్బు వాళ్లు నేరుగా కట్టాలి.