దిగేదానికి కాళ్ళు దాచుకో

తిరుపతి,
శ్రావణ మాసం, ఆదివారం

అమ్ములూ,

నీతో మాట్లాడి ఫోను పెట్టేశానో లేదో మీ అమ్మ చేసింది. "అక్కా, అది డిసెంబరులో హిమాలయాలు ఎక్కుతానంటోంది, నువ్వన్నా చెప్పు" అని. చెప్పమంటే వద్దని చెప్పమనే. నేను వద్దనను. అయితే ఫోనులో నువ్వు నా మాట సగం వింటావు, మిగతా సగంలో ఆఫీసు మెసేజీలు చూసుకుంటావు. అందుకని రాస్తున్నా, కూర్చొని చదువు.

నువ్వు చెప్పిన కేదార్‌కంఠ 12,500 అడుగుల కొండ. డిసెంబరంటే మంచులో నడక. నేను మంచుకొండ ఎక్కినదాన్ని కాను, దాని మీద నీకు పాఠం చెప్పను. నాకు తెలిసినవి మన ఎండకొండలు, మెట్లు, బండలు. ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పుకుంటూ, ఏటా ఒక మంద పిల్లల్ని వెంటేసుకొని వాటి మీద తిరిగాను. నీ కాళ్ళ సంగతీ తెలుసు. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో, ఇంటికొస్తే లిఫ్టులో. ఇంకా నాలుగు నెలలుంది కదా, ఈలోగా దగ్గర్లో ఉన్న చిన్న కొండలతో వాటికి కాస్త పరిచయం చేయించు.

కొత్తగా కొండెక్కేవాళ్ళంతా ఎక్కడం గురించే భయపడతారు. ఆయాసం వస్తుందేమో, గుండె దడదడలాడుతుందేమో అని. ఆయాసం మంచిదే, అది నిన్ను ఆపి కూర్చోబెడుతుంది. మోసం చేసేది దిగడం. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, బ్రేకులాగా ఒంటి బరువును ఆపుకోవాలి. అలా సాగుతూ బరువు మోసే పని దానికి అలవాటుండదు. దెబ్బ అప్పటికప్పుడు తెలియదు, మర్నాడూ ఆ మర్నాడూ తెలుస్తుంది.

నాకెట్లా తెలిసిందో చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్త. ముగ్గురం స్నేహితురాళ్ళం అలిపిరి నుంచి నడిచి ఎక్కాం, దర్శనం చేసుకున్నాం, లడ్డూ తిన్నాం. అంతటితో ఊరుకోక, ఎవరు ముందు దిగుతారో చూద్దామని పందెం వేసుకొని మెట్ల మీద దూకుతూ వచ్చాం. తలయేరు గుండు దగ్గరికొచ్చేసరికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. ఆ గుండుకు తల, మోకాళ్ళు ఆనిస్తే ఎక్కేవాళ్ళకు నొప్పులు రావని నమ్మకం, లక్షల మోకాళ్ళు తగిలి ఆ రాయి గుంటలు పడింది. పొద్దున ఎక్కేటప్పుడు ముగ్గురం ఆనించాం. సాయంత్రం దిగేటప్పుడు ఆనించాల్సిందని అప్పుడు తోచింది. మర్నాడు బడికి పోతే నా తరగతి మేడమీద. ఎక్కడం ఎక్కాను. దిగలేక, రెయిలింగు పట్టుకొని వెనక్కి తిరిగి, మంచం దిగే పసిపిల్లలాగా ఒక్కో మెట్టూ దిగాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ ఏడాదంతా నా వెనక అట్లా నడిచి చూపించుకొని నవ్వుకున్నారు.

కాబట్టి నువ్వు మొదట సాధన చేయాల్సింది దిగడమే. మీ అపార్టుమెంటులో లిఫ్టెక్కి పైకి పో, మెట్లు దిగి రా. జనం చేసేదానికి ఇది తలకిందులు, వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనీ. చిన్న చిన్న అడుగులు, మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండాలి, మడమ దబ్బుమని నేలకు కొట్టకూడదు. నీ అడుగు చప్పుడు నీకే వినిపిస్తోందంటే గట్టిగా వేస్తున్నావని.

ఆదివారాలు గోల్కొండకు పో. బోనాల రద్దీ అయిపోయింది కదా. తలుపులు తీసే వేళకే లోపలుండు. పైన బాలాహిసార్ దాకా మూడొందల పైచిలుకు మెట్లు, అంతే. కింద చప్పట్లు కొట్టి పైన వినిపించిందా అని అరిచే గుంపు వచ్చేలోగా ఒకసారి ఎక్కి దిగేయొచ్చు. రెండో ఆదివారం రెండుసార్లు, మూడో ఆదివారం వీపున మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకొని రెండుసార్లు. కొత్త బూట్లు కూడా అక్కడే వేసుకొని నడిచి పాతవి చెయ్యి. కొత్త బూట్లతో కొత్త కొండకు పోవద్దు. కొనేటప్పుడు సాయంత్రం పూట పో, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకొని గోళ్ళు నల్లబడతాయి. ధర చూసి మోసపోకు, అడుగున పళ్ళు లోతుగా ఉన్నాయా లేదా, అది చూడు.

తర్వాత వికారాబాద్ అనంతగిరి. మెట్లు కాదు, మట్టి దారి. మూసీ అక్కడే పుడుతుంది, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, వానల తర్వాత అడవి కళ్ళకు చల్లగా ఉంటుంది. ఎత్తు పెద్దగా లేదు, కాబట్టి కాళ్ళకు కష్టం లేదు. కష్టమంతా దారికి. అడవిలో బాటలు చీలుతాయి, పోయేటప్పుడు ఒకటిగా కనిపించిన చోటు వచ్చేటప్పుడు ఇంకోటిగా ఉంటుంది. బాట చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి, ఆ చోటు వచ్చేటప్పుడు ఎట్లా కనిపిస్తుందో ఒకసారి చూసుకో. వంగిన చెట్టో, పుట్టో, ఎర్రమట్టి గట్టో గుర్తు పెట్టుకో. ఫోనులో మ్యాపు ఉందిలే అంటావు. ఉంటుంది, సిగ్నలున్నంతసేపు. దారి తెలిసిన మనిషి లేకుండా లోపలికి పోవద్దు, అటవీశాఖ వాళ్ళు పోనిచ్చే దారినే పో. ఎక్కడికి పోతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో మీ అమ్మకు కాకపోయినా ఎవరో ఒకరికి చెప్పు. మీ అమ్మకు చెప్తే పదినిమిషాలకోసారి ఫోను చేస్తుంది, ఆ బ్యాటరీ కూడా పోతుంది.

భువనగిరి కోట మాత్రం వానలు వెళ్ళేదాకా ముట్టుకోవద్దు. సికింద్రాబాదు నుంచి రైలుంది, ఉప్పల్ నుంచి బస్సుంది, యాభై కిలోమీటర్లు లేదు కాబట్టి నీ స్నేహితులు ముందు దానికే లాగుతారు. అది ఊరి నడిమధ్యన బోర్లించిన ఒంటి బండ. చాళుక్యుడు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట, ఆయన పేరుతోనే ఊరికి పేరు. కొంతదూరం మెట్లు, ఆ పైన ఏటవాలు బండ. వానకు పాచి పడితే ఆ బండ సబ్బు బిళ్ళ. ఎండాకాలంలో పెనం. దసరా దాటాక, పొద్దున పూట అయితే అంత చక్కటి నడక ఇంకోటి లేదు. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే. బండ మీద దిగేటప్పుడు భయపడి వెనక్కి వాలతావు, అందరూ అదే చేస్తారు, అప్పుడే కాలు ముందుకు జారుతుంది. ఒంటిని పాదం మీదికి తెచ్చి, అరికాలు మొత్తం ఆనించి నడు. భయమేస్తే కూర్చొని జరుగు, సిగ్గేం లేదు. కోట గోడలకు, బండ సందుల్లో తేనెపట్లు ఉంటాయి. ఆ పక్కన సెంటు పూసుకొని పోవద్దు, ఎవడన్నా సిగరెట్టు ముట్టిస్తే అక్కణ్ణుంచి వచ్చేయ్.

ఇక నా కొండ. భాద్రపదంలో, బ్రహ్మోత్సవాల రద్దీ రాకముందే రా. కార్తీకంలో వస్తాననకు. మీకు వానలు వెళ్ళిపోయాక మాకు మొదలవుతాయి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్ళీ నడవనిచ్చేసరికి 2022 మే వచ్చింది.

రెండు దారులున్నాయని నీకు తెలుసు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. అలిపిరి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. లెక్క చూసి పొట్టిదే సులువనుకుంటారు. పొట్టిది నిటారుగా ఉంటుంది, ఊపిరి తీసుకోనివ్వదు. కొత్తవాళ్ళకు అలిపిరే మేలు, కాకపోతే దాని గుణం తెలియాలి. మొదటి రెండు వేల మెట్లు, గాలిగోపురం దాకా, వరసగా ఎక్కుడే. ఉత్సాహంలో జనం అక్కడే ఒళ్ళంతా ఖర్చు చేసేస్తారు. గోపురం దాటాక చాలా దూరం దాదాపు చదును, జింకలుంటాయి, ఏడో మైలు ఆంజనేయస్వామి ఉంటాడు, కబుర్లు చెప్పుకుంటూ నడవొచ్చు. అయిపోయిందిలే అనుకునేసరికి మోకాళ్ళ మెట్టు ఎదురొస్తుంది. రామానుజులు కొండను కాలితో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పే చోటు.

అన్నమయ్య కథలోనూ ఆ చోటే. ఎనిమిదేళ్ళ పిల్లవాడు, ఇంట్లో చెప్పకుండా వచ్చేశాడు, చెప్పులతో ఎక్కాడు, ఏమీ తినలేదు. మోకాళ్ళ మెట్టు దగ్గర కళ్ళు తిరిగి వెదురుపొద కింద పడి నిద్రపోతే, అలమేలుమంగమ్మ కలలో కనిపించి చెప్పులు విప్పించింది, ప్రసాదం పెట్టింది. భక్తి సంగతి వేరే. నా కంటికి అది కొత్తగా కొండెక్కే మనిషి కథ: చెప్పకుండా బయలుదేరడం, సరిపడని చెప్పు, ఖాళీ కడుపు. మూడూ ఆ పసివాడికి ఒక్కరోజే అయ్యాయి. నీకు అమ్మవారు కలలోకి రాకపోతే నేను మోసుకొచ్చే బెల్లం శెనక్కాయల ఉండలే దిక్కు. ఆకలి వేశాక కాదు, ముక్కాలు గంటకో ఉండ. దాహం వేయకముందే నీళ్ళు, గంటకు అర లీటరు. ఊరికే మంచినీళ్ళే తాగితే చెమటలో పోయిన ఉప్పు రాదు. ఒక లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి కలుపు. మజ్జిగయితే ఇంకా మంచిది.

ఎంతసేపు పడుతుందని అడిగావు. 1892లో స్కాట్లండులో నైస్మిత్ అనే ఆయన ఒక లెక్క చెప్పాడు, పిల్లలకు బోర్డు మీద వేసేదాన్ని. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి ఆరొందల మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అలిపిరికి వేసి చూడు. తొమ్మిది కిలోమీటర్లకు గంటా యాభై నిమిషాలు, ఏడొందల మీటర్ల దాకా ఎత్తుకు గంటా పది. మూడు గంటలు. ఆగకుండా నడిచే దిట్టల లెక్క అది, నీకూ నాకూ నాలుగున్నర వేసుకో. ఏ కొండకైనా ఈ లెక్క ముందు రాత్రే కాగితం మీద వేసుకొని, ఎన్నింటికి వెనక్కి తిరగాలో కూడా రాసుకో. ఆ టైముకు శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, తిరిగి వచ్చేయ్. నీళ్ళు సగం అయిపోయినా అంతే.

తెల్లవారుజామున బయలుదేరదాం. సంచులు అలిపిరి దగ్గర ఇచ్చి రసీదు తీసుకుంటే దేవస్థానం వాళ్ళే ఊరికే పైకి చేరుస్తారు. మెట్లకు పసుపు కుంకుమలు పెట్టేవాళ్ళుంటారు, ఆ తడి మీద కాలు పెడితే జారుతుంది, పక్కనుంచి నడు. ఇంకోటి, నవ్వులాట కాదు. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఒక ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అప్పటినుంచి పిల్లలను ఏ వేళ దాకా పంపాలి, గుంపులుగా ఎలా పోవాలి అని నిబంధనలు పెట్టారు, చేతికర్రలిచ్చారు. నిబంధనలు మారుతుంటాయి, నువ్వు టిక్కెట్టు తీసేముందు నేను కనుక్కొని చెప్తా. మీ అక్క కొడుకును తెస్తే వాడు మన మధ్యలో నడవాలి, ముందు పరిగెత్తడాలు లేవు. పాము కనిపిస్తే ఆగి దారివ్వు. ఎవరికన్నా కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పీల్చడం ఏమీ చేయకుండా, ఆ కాలు కదలనివ్వకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చడమే.

దిగడం మాత్రం బస్సులో. ముందే చెప్తున్నా. ఘాట్ రోడ్డు పక్కన కొండను కోసిన చోట నీకొకటి చూపిస్తా. కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి పొరలు. రెండూ ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి గానీ, ఆ రెంటి మధ్యా దాదాపు 80 కోట్ల ఏళ్ళ నాటి పొరలు గల్లంతయ్యాయి. నడిచి దిగేవాళ్ళకు అది కనిపించదు. అయినా నువ్వు వినవు, నడిచే దిగుతానంటావు. దిగు. నేను బస్సులో వచ్చి అలిపిరి దగ్గర కాఫీ తాగుతూ కూర్చుంటా.

మీ
పెద్దమ్మ

తా.క.: కాలిగోళ్ళు ముందురోజు రాత్రి కత్తిరించుకోవద్దు. గోటి అంచులు పచ్చిగా ఉండి బూటుకు ఒరుసుకుంటాయి. మూడు రోజుల ముందే కత్తిరించుకో.