ఎంజీబీ కారుకి సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు) మార్చబోతున్న మా మేనకోడలికి

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, "అన్నయ్యా, అది ఎవరి షెడ్‌లోనో పడున్న పాత కారు కొనుక్కొచ్చి తనే కోసి రేకులు వేస్తుందట, నువ్వైనా చెప్పు" అని ఒకటే గొడవ. నాకూ గుండె దడే, కానీ లోపల సంబరం ఎంతుందో నీకెలా చెప్పను, మన ఇంట్లో నా తర్వాత టింకరింగ్ పని ముట్టుకున్నది నువ్వే కదే.

ముందు పెట్రోల్ ట్యాంక్ సంగతి. బూట్ కింద ఉంటుంది, దాన్ని విప్పి షెడ్ బయట, దూరంగా పెట్టు, ఖాళీ చేశాను మావయ్యా అంటే ఒప్పుకోను, ఖాళీ ట్యాంక్‌లో మిగిలే ఆవిరే అసలు ప్రమాదం. బ్యాటరీ తీసెయ్, ఆల్టర్నేటర్ వైర్లు పీకెయ్, కార్పెట్లు, సీట్లు బయటికి. కాటన్ బట్టలే వేసుకో, జుట్టు ముడేసుకో, వెల్డింగ్ అయిపోయాక అరగంట అక్కడే కూర్చో. విసుక్కోకు, నిప్పు విషయంలో నేనింతే.

ఫోటోలు చూశా. ముందు వింగ్, అంటే చక్రం మీది రేకు, దాని వెనక కింది మూల పొక్కులు పొక్కింది చూడు, లోపల బురద చేరి ఏళ్ళ తరబడి తడిగా ఉండే చోటు అదే. వింగ్ బోల్టులతోనే ఉంటుంది, ముందురోజు ఆయిల్ కొట్టి నానబెట్టు. అది ఊడితే గానీ సిల్ సంగతి తెలీదు, ఎందుకంటే బయటి సిల్ వింగ్ కిందకి పోతుంది, వెనక కూడా రియర్ వింగ్ లోపలికి పోతుంది. ఎవడో పాత తుప్పు మీదే కవర్ సిల్ తొడిగి పుట్టీ పూసి ఉంటాడు, నీ కారు చూస్తే నాకు అదే అనుమానం. అలాంటిది పైన మెరుస్తుంది గానీ బరువు మోయదు. బయటి సిల్, మధ్య రేకు, లోపలి సిల్, కింద క్యాజిల్ సెక్షన్ అనే మడత రేకు, ఇవన్నీ కలిస్తేనే ఒక పెట్టె అవుతుంది. దీని ముందు మోడల్ ఎంజీఏకి వేరే చాసిస్ ఉండేది, 1962లో వచ్చిన ఎంజీబీకి లేదు, పైగా నీది రోడ్‌స్టర్, టాప్ కూడా లేదు, అంటే ముందు సగాన్నీ వెనక సగాన్నీ పట్టి ఉంచేది ప్రధానంగా ఆ సిల్సే.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నేను విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ల మీద చెయ్యి తిప్పుకుని ఈ దేశం వచ్చినవాణ్ణి, ఎంజీబీ బానెట్ మొదటిసారి ఎత్తినప్పుడు ఊరివాడు కనపడ్డట్టయింది, అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీ సిరీస్ ఇంజనే ఇందులో 1798 అయి కూర్చుంది. అప్పుడు పనిచేసే గ్యారేజీలో ఓనర్‌కి ఎప్పుడూ తొందరే. ఒక రోడ్‌స్టర్ వస్తే డోర్లు అడ్డమని పీకించి, రెండు చివర్లా స్టాండ్‌లు పెట్టి, రెండు వైపులా సిల్స్ ఒకేసారి కోయించాడు. కారు నడుము కిందకి కుంగింది, కంటికి కనపడదు, కొన్ని మిల్లీమీటర్లే. కొత్త సిల్స్ దాని మీదే వెల్డ్ చేసేశారు. తర్వాత డోర్ తగిలిస్తే కింద గ్యాప్ బాగానే ఉంది, పైన మాత్రం వెనక వింగ్‌కి రాసుకుంటోంది. డోర్ అంచు గ్రైండ్ చేయండి అన్నాడు ఆయన, చేశారు, రంగేశారు, ఇచ్చేశారు. ఆ కారు పెళ్ళైన కొత్తలో కొనుక్కున్న పెద్దాయనది, కొన్నాళ్ళకే తిరిగొచ్చాడు, డోర్ పట్టేస్తోంది, అంచున పెయింట్ చిట్లింది, పాపం గట్టిగా ఒక మాట కూడా అనలేదు. చివరికి ఆ కొత్త సిల్స్ కోసి పారేసి, మధ్యలో చెక్క దిమ్మ పెట్టి జాకీతో కొంచెం కొంచెం లేపుతూ, డోర్ వేసి చూస్తూ, మళ్ళీ లేపుతూ గ్యాప్ తెచ్చాం. అప్పటికే అరిగిపోయిన డోర్ అంచుని ఎవరు తెస్తారు?

అందుకని, ఏమీ కోయకముందే డోర్లు వేసి గ్యాప్ పైనా మధ్యా కిందా కొలిచి, డోర్ మీదే మాస్కింగ్ టేప్ అంటించి రాసుకో. తర్వాత డోర్ తీసి హింజ్ పిల్లర్‌కీ లాక్ పిల్లర్‌కీ మధ్య స్టీల్ పైపుతో బ్రేస్, అంటే కుంగకుండా పట్టి ఉంచే ఆసరా, వెయ్యి, పైన ఒకటి, ఏటవాలుగా ఒకటి. డోర్ మళ్ళీ పట్టేలా లోపలి వైపుకి వెయ్యి తల్లీ, లేకపోతే చూసుకునే వీలుండదు. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు జోలికి పోకు. కొత్త సిల్‌ని క్లాంపులతో, స్క్రూలతో బిగించి, డోర్ వేసి, ముందు వింగ్ కూడా పెట్టి, గ్యాప్ నచ్చాకే ట్యాక్‌లు, అంటే అక్కడక్కడా చుక్కల్లాంటి వెల్డ్‌లు, మళ్ళీ చూసి అప్పుడు ఫుల్ వెల్డింగ్. డబ్బులు చూసుకోకుండా బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ వాళ్ళ ప్యానెల్స్ తీసుకో, తక్కువైతే నేనిస్తా, మీ అమ్మకి చెప్పక్కర్లేదు. అవి కూడా పెట్టగానే కూర్చుంటాయనుకోకు, చిన్న చిన్న సర్దుబాట్లు ఉంటాయి. పెయింట్ అయ్యాక సిల్ లోపల వ్యాక్స్ కొట్టడం, కింది డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోకుండా చూడటం నీకు తెలిసిందే.

బ్రేస్ వేశాక ఫోటో పెట్టు, నేను చూసేదాకా గ్రైండర్ ఆన్ చేయకు. శనివారం నా మిగ్ వెల్డింగ్ మెషీన్ వేసుకుని వస్తా, మొదటి ట్యాక్ నువ్వే వేద్దువు గానీ, నేను పక్కన నిలబడతా.

మీ మావయ్య